వానలు ముదరకముందే పాత డీజిల్ ఫోర్‌వీల్ బండి సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) చూసుకోండి

చెన్నైకి అసలు వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. 2015 డిసెంబరు వరదల్లో, ఆ తర్వాత 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మిచాంగ్ తుఫాను ఇక్కడ కుమ్మరించినప్పుడు, ఇంటి ముందు నిలిపిన బండ్లు నిలిపినట్టే మునిగాయి. అందుకే ఈమధ్య వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి వాళ్లు కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేస్తున్నారు. సరిగ్గా ఆ రాత్రే మీ పాత బొలెరో ఫోర్‌వీల్ డ్రైవో, థారో తాళం తిప్పగానే టక్ మని ఊరుకుంటే టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాన లేని ఒక ఆదివారం పొద్దున ఈ పని పెట్టుకోండి.

ముందు చెవులకు పని చెప్పండి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ వదులైంది. ఒక్కసారి గట్టిగా టక్ మని ఆగితే సొలినాయిడ్ (సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్) లాగింది గానీ మోటారుకు చాలినంత కరెంటు అందలేదు. లోపల రాగి కాంటాక్టులు మాడి ఉండొచ్చు, కార్బన్లు (మోటారు లోపలికి కరెంటు అందించే బ్రష్‌లు) అరిగి ఉండొచ్చు, లావు కేబుల్ పట్టు తప్పి ఉండొచ్చు. అసలు చప్పుడే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, సొలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు చూడాలి. మోటారు గిర్రున తిరుగుతూ ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ (ఫ్లైవీల్ రింగును పట్టి ఇంజిన్‌ను తిప్పే పళ్ల చక్రం) జారుతోంది. గరగరమంటే పళ్లు పోయాయి, ఇక మళ్లీ మళ్లీ కొట్టకండి. ఫ్లైవీల్ రింగు కూడా పాడైతే గేర్‌బాక్స్ దించాల్సిందే, ఈ బండ్లలో దానితోపాటు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేరుపెట్టె) కూడా. ఇంజిన్ హుషారుగా తిరుగుతూ అంటుకోకపోతే మాత్రం అది సెల్ఫ్ గొడవ కాదు, డీజిల్ లేదా చల్లటి ఇంజిన్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్‌ల సంగతి.

సెల్ఫ్ పోయిందని విప్పే ముందు ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను ఛాసీకి, ఇంజిన్‌కు కలిపే దారి) చూడండి. ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాల్సిన మాట. బాగున్న సెల్ఫ్‌ను దించి, కార్బన్లు మార్చి, డబ్బు కట్టి, చివరికి ఎర్త్ పట్టీ బోల్టు బిగించాక బండి స్టార్టయ్యే కేసులు షెడ్డుల్లో మామూలే. డీజిల్ సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 300 ఆంపియర్లు పోయే దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉంటే 3 వోల్టులు అక్కడే పోతాయి. ఇక 12 వోల్టుల బ్యాటరీ నుంచి మోటారుకు మిగిలేదెంత? బీసెంట్ నగర్, ఈసీఆర్ వైపు సముద్రపు గాలికి ఆ అడ్డు ఇంకా తొందరగా పేరుకుంటుంది. క్లాంపు కింద తెల్లగా, రాగి తీగ మీద పచ్చగా కనపడే పొడి అదే.

పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా నిలిపిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, మీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. ఇంట్లో ఎవరినైనా రెండు మూడు సెకన్లు తాళం తిప్పమనండి. 0.3 వోల్టు లోపుంటే ఫర్వాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ దారి విప్పి, ఛాసీ మీద పెయింటు, తుప్పు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజిలీన్ పూయండి. ప్లస్ వైపు కేబుల్‌ను కూడా అలాగే చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీయే 9.6 కిందికి పడిపోతుంటే పూర్తిగా చార్జ్ చేసి మళ్లీ కొలవండి. అప్పుడూ అంతే అయితే బ్యాటరీ అన్నా పోయి ఉండాలి, లోపల బుష్‌లు అరిగి సెల్ఫ్ అన్నా ఎక్కువ లాగుతుండాలి.

దించాల్సి వస్తే ముందు బ్యాటరీ మైనస్ తీయండి, బిగించేటప్పుడు అది ఆఖరున. చేతికున్న ఉంగరం, కడియం కూడా తీసేయండి. జాకీని నమ్మి కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో టెర్మినళ్లు కలిపి కొట్టడం ఈ బండ్ల దగ్గర అలవాటైన పని, కానీ గేరులో ఉంటే ఇంజిన్ అంటుకోకపోయినా సెల్ఫ్ ఒక్కటే బండిని కదిలిస్తుంది. లో రేంజ్‌లో (ట్రాన్స్‌ఫర్ కేసులో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) అయితే మీద ఎక్కించేస్తుంది కూడా.

చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుప్పేటలో పాత సెల్ఫ్‌లు దొరుకుతాయి. నా మటుకు నేను, ఒరిజినల్ బాడీ బాగుంటే దానికే కార్బన్లు, బుష్‌లు, సొలినాయిడ్ కొత్తవి వేయిస్తాను. పాతది కొనాలనుకుంటే బెండిక్స్ పళ్ల లెక్క, బోల్టు రంధ్రాలు, తిరిగే దిక్కు మీ దాంతో సరిపోవాలి. కొట్టు ముందు బ్యాటరీ తగిలించి గిర్రున తిప్పి చూపిస్తారు. లోడు లేకుండా తిరిగినది ఇంజిన్‌ను తిప్పగలదని నమ్మకం లేదు, బిగించి చూసేదాకా వెనక్కి తీసుకుంటారా అని అడగండి. బెండిక్స్‌కు గ్రీజు దట్టంగా పట్టించనివ్వకండి, క్లచ్ దుమ్ము అంటుకుని బిగుసుకుపోతుంది.

వాన రోజున పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి. కార్బన్ ఇరుక్కున్న సెల్ఫ్ అయితే బాడీ మీద పానాతో మెల్లగా నాలుగు తట్టితే ఒకసారి పనిచేయొచ్చు, అదే అదనుగా బండిని మెరక మీదికి చేర్చేయండి. తాళం తీసినా సెల్ఫ్ ఆగకుండా తిరుగుతుంటే కాంటాక్టులు అతుక్కున్నాయి, వెంటనే బ్యాటరీ విడదీయాలి. ఈ ఒక్క కారణానికైనా కటాఫ్ స్విచ్ పెట్టించుకోవచ్చు.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోయిందా, తాళం ముట్టుకోవద్దు. తోసి స్టార్ట్ చేయాలనీ చూడొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే అవి గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే సాధారణంగా ఇన్సూరెన్స్ ఆ ఖర్చు ఇవ్వదు. లాగించి షెడ్డుకు చేర్చండి.

సెల్ఫ్ ఉండేది కింద, గేర్‌బాక్స్ పక్కన. గాలి ఫిల్టర్ దాకా రాని నీళ్లు కూడా దాన్ని ముంచుతాయి. అలా మునిగినా మర్నాడు బండి మామూలుగానే స్టార్టవుతుంది, లోపల బెండిక్స్ తుప్పు పడుతున్న సంగతి తెలియదు. వారంలోపు దించి, విప్పి, ఆరబెట్టించండి. అదే రోజు యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ కూడా చూపించండి. పాల రంగులో ఉంటే అక్కడికీ నీళ్లు చేరాయి.