చిన్న పడవకు ప్లాస్టిక్ బాడీనా, ఫైబర్ బాడీనా? ఎలా తేల్చుకోవాలి

రంగు నచ్చి పడవ కొనేసి, ఆరు నెలలకే బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. కొనేముందు చూడాల్సినవి వరసగా చెబుతాను.

1. పడవ తిరిగే నీళ్లు చూడండి. రాళ్లున్న వాగు అయినా, ఒడ్డుకు ఈడ్చే చోటు అయినా ప్లాస్టిక్ తీసుకోండి. ఈ పడవల ప్లాస్టిక్ అయిన పాలిథిలిన్ దెబ్బకు లోపలికి వంగి మళ్లీ లేస్తుంది. ఫైబర్ (గాజుపీచు పొరలను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించి చేసేది) అదే దెబ్బకు పగలొచ్చు. లోతు నీళ్లలో దూరం వెళ్లాలంటే మాత్రం ఫైబరే. బాడీ వంగదు కాబట్టి తెడ్డు బలం వృథా కాదు.

2. ఎత్తి చూడండి. ఒకే సైజులో సాధారణంగా ఫైబర్ తేలిక.

3. నీడ ఉందా? ప్లాస్టిక్ పడవను తాళ్లతో బిగించి ఎండలో వదిలేస్తే సొట్టలు పడతాయి.

4. పాత ఫైబర్ పడవ అయితే తట్టి చూడండి. అందరూ తొందరపడేది ఇక్కడే. పడవను ఒడ్డున పెట్టి, బాగా ఆరనిచ్చి, ఒక నాణెం, సుద్దముక్క పట్టుకోండి. ప్రతి 5 సెంటీమీటర్లకు ఒకసారి తట్టండి. టక్ టక్ అని స్పష్టంగా వినిపిస్తే పొరలు అతుక్కునే ఉన్నాయి. డబ్ అని మొద్దుగా వినిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టండి.

అంతమాత్రాన పడవ పాడైపోయిందని అనుకోకండి. లోపల అడ్డపట్టీ ఉన్నచోట కూడా శబ్దం మారుతుంది. అందుకే కుడివైపు మొద్దుగా ఉన్న చోటుకు సరిగ్గా ఎదురుగా ఎడమవైపు కూడా తట్టండి. రెండువైపులా ఒకేలా ఉంటే అది పట్టీ అయ్యుండొచ్చు, లోపల చూసి ఖాయం చేసుకోండి. ఒకవైపే ఉంటే పొరలు విడిపోయి ఉండొచ్చు. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే ఆ పడవ వద్దు. కొత్తగా రంగు వేసిన భాగాన్ని రెండుసార్లు తట్టండి.

ఇంత కష్టమైనా నేను ఫైబర్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే దాన్ని బాగు చేసుకోవచ్చు. పగులు అంచును మందానికి 12 రెట్ల వెడల్పున వాలుగా అరగదీసి (3 మిల్లీమీటర్ల మందమైతే 36 మిల్లీమీటర్లు), రెసిన్‌తో గాజుపీచు పొరలు వేస్తే మళ్లీ గట్టిపడుతుంది. అరగదీసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాలిథిలిన్‌కు రెసిన్ అతుక్కోదు. అదే రకం ప్లాస్టిక్ కడ్డీని కరిగించి వెల్డింగ్ చేయాలి. ఒకసారి ప్లాస్టిక్ పడవకు ఎవరో వేసిన రెసిన్ అతుకును గోటితో గీరితే, మొత్తం ఒకే ముక్కగా ఊడి చేతికొచ్చింది.

5. ఇంజిన్ ఉంటే, దాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. వెనక పలక కదిలితే లోపలి చెక్క నానిపోయి ఉండొచ్చు. ఆ రిపేరు ఖర్చు ముందే కనుక్కుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.