అమ్మమ్మ కథకి వాల్యూమ్ పెంచిన పైథాన్ లూపు

అమ్మమ్మ పేదరాశి పెద్దమ్మ కథ చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. నాలుగు నిమిషాలు. ఫోను మంచం కాళ్ల వైపు పెట్టానేమో, గొంతు మరీ సన్నగా వచ్చింది. స్పీకరు పూర్తిగా పెంచినా మాటలు అందడం లేదు. మీ దగ్గరా ఇలాంటి రికార్డింగు ఉంటే, పైథాన్‌లో లూపు రాయడం వస్తే చాలు, బాగుచేసుకోవచ్చు.

ముందు ఫైలును వేవ్‌లోకి (శబ్దాన్ని కుదించకుండా దాచే .wav ఫైలు) మార్చండి. ఫోన్లు మామూలుగా కుదించి దాస్తాయి, ఆ బైట్లను గుణిస్తే చెత్త వస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి మోనో, 44,100 హెర్ట్జ్, 16 బిట్ పీసీఎం వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను. ఇక లోపల ఉన్నవి దాదాపు అన్నీ అంకెలే. సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే ఆ క్షణంలో శబ్దతరంగం ఎక్కడుందో కొలిచిన అంకెలు, ఒక్కోటీ -32,768 నుంచి 32,767 లోపు. మా కథ మొత్తం 1,05,84,000 అంకెలు! సున్నాకి ఎంత దూరం ఊగితే అంత గట్టి శబ్దం. కాబట్టి వాల్యూమ్ పెంచడమంటే ప్రతి అంకెనీ ఒకే గుణకంతో గుణించడమే. 2 పెడితే సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది.

పైథాన్‌తోపాటే వచ్చే వేవ్ మాడ్యూల్‌తో ఫైలు తెరిచి, ఫ్రేములన్నీ చదివి, 16 బిట్ పూర్ణాంకాల ఎర్రేలో పోయండి. హెడర్ (ఫైలు మొదట్లో ఉండే వివరాలు) సంగతి ఆ మాడ్యూలే చూసుకుంటుంది. లూపులో ఒక్కో శాంపిల్‌ని గుణించి, దశాంశం తీసేసి, తిరిగి అక్కడే పెట్టండి.

అసలు చిక్కు గుణకం దగ్గరే. 20,000ని 2తో గుణిస్తే 40,000, అది 16 బిట్లలో పట్టదు. సీ భాషలో అయితే సాధారణంగా అదే -25,536గా తిరగబడి, చెవులు చిల్లులుపడే చిటపట వస్తుంది. పైథాన్ ఎర్రే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అదే నయం. అందుకే గుణించగానే 32,767 దాటితే 32,767 దగ్గర, -32,768 కంటే తగ్గితే అక్కడ ఆపేయండి.

ఎంత పెంచాలో తెలియాలంటే అన్నిటికన్నా పెద్ద శాంపిల్ చూడాలి. నాకు 29,000 వచ్చింది. ఇంత సన్నటి గొంతుకి అంతెలా? వెతికితే, మధ్యలో స్టీలు గ్లాసు కిందపడిన చప్పుడు. అది వదిలేస్తే అమ్మమ్మ గొంతు 5,000 దాటలేదు. గుణకం 4 పెట్టాను. గ్లాసు చప్పుడు తెగి మొరటుగా మోగింది, మోగనీ.

ఫలితాన్ని వేరే పేరుతో కొత్త ఫైలులో రాయండి, పాతదాని పారామీటర్లే (మోనో, 44,100, 16 బిట్) దీనికీ ఇవ్వండి. అసలు రికార్డింగు జోలికి మాత్రం పోవద్దు, తెగిన శిఖరాలు మళ్లీ రావు.

ఫ్యాను హోరు కూడా నాలుగు రెట్లయింది, గుణకానికి ఏది గొంతో ఏది ఫ్యానో తెలియదు కదా. అయినా ఇప్పుడు, అమ్మమ్మ కథ ఆపి "ఊఁ కొట్టవేమే?" అని నన్నడగడం స్పష్టంగా వినిపిస్తోంది.