పాత జూనీ వెండి నగలు చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: పగడం

పోయిన పాఠంలో నగను వెనక్కి తిప్పి వెండి పలకనీ, టంకం జాడల్నీ చదవడం చూశాం. ఈసారి ముందు వైపు, అందులోనూ పగడం మీద మాత్రమే పని చేద్దాం. ఫిరోజా రాయి కంటే పగడం దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువ తడబడతారు. ఎర్రగా, నున్నగా ఉంటే చాలు, నమ్మేస్తారు.

మధ్యలో చేరినవాళ్ల కోసం కొంచెం నేపథ్యం. జూనీలు అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో పడమటి వైపు, గాలప్ ఊరికి దక్షిణాన ఉండే ఆదివాసులు, ప్యూబ్లో ప్రజల్లో ఒకరు. 1870లలో లన్యాదే అనే జూనీ వ్యక్తి, పొరుగు ఆదివాసులైన నవాహోల్లో అట్సిడి చాన్ అనే కంసాలి దగ్గర వెండి పని నేర్చుకున్నాడు. రాళ్లు, గుల్లలు సాన పట్టడం మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే వాళ్ల చేతిలో ఉంది. అందుకే చాలావరకు నవాహో నగలో వెండి ముందుంటుంది, జూనీ నగలో రాయి ముందుంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే ఈ రోజు పాఠంలో సగం అర్థమైనట్టే.

మరి సముద్రానికి అంత దూరంగా ఉన్న ఊళ్లోకి పగడం ఎలా వచ్చింది? అది మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం. మొదట స్పెయిన్ వాళ్ల వెంట ఆ ప్రాంతానికి చేరింది. ఇరవయ్యో శతాబ్దంలో వర్తకులు తెప్పించి జూనీ పనివాళ్లకి ఇచ్చేవారు. నేపుల్స్ దగ్గర ఉన్న టోరే డెల్ గ్రీకో ఈ పగడపు పనికి పేరుపడ్డ ఊరు. మన నగల షాపుల్లో కుజ దోషానికని అడిగి కొనే ‘ఇటాలియన్ పగడం’ కూడా ఈ జాతిదే. కాబట్టి అసలైన పగడపు ఉంగరం ఇంట్లో ఉంటే, సాధన చేయడానికి అదే చాలు.

ముందుగా ఇది పగడమేనా అన్నది తేల్చుకోవాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం తీసుకుని, పగటి వెలుతురులో రాయిని నెమ్మదిగా పక్కలకి వంచుతూ చూడండి. అసలు పగడంలో, అది పెరిగిన కొమ్మ పొడవునా సాగే సన్నని సమాంతర గీతలుంటాయి. గీతకీ గీతకీ మధ్య దూరం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కొమ్మను అడ్డంగా కోసిన చోట అవే వలయాలుగా కనిపిస్తాయి. వెదురు పగడం అనే వేరే జాతి పగడానికి రంగు వేసి అమ్ముతారు, దాంట్లోనూ గీతలుంటాయి గానీ అవి ముతకగా ఉంటాయి. వాటిలోకి, చిన్న గుంటల్లోకి రంగు దిగి చిక్కగా కనిపిస్తుంది. గాజులో బుడగలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ తేలిక, అచ్చు అతుకు గీత ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. పొడిని జిగురుతో కలిపి చేసిన దాంట్లో గీతలే ఉండవు. ఇంకొకటి, స్పైనీ ఆయిస్టర్ అనే ముళ్ల గుల్ల. నారింజ నుంచి ఎరుపు దాకా ఉంటుంది. దాన్ని నకిలీ అనకండి, ఆ ప్రాంతంలో అనాది నుంచీ వాడుతున్న గౌరవమైన సరుకు అది. కాకపోతే పగడం అని చెప్పి పగడం ధర అడిగితే ఒప్పుకోకూడదు.

నిమ్మరసం చుక్క వేసి పొంగుతుందా అని చూడమని కొందరు చెప్తారు. పాత నగ మీద ఆ పని ఎప్పుడూ చేయకండి. పగడం కూడా సున్నపు పదార్థమే, పులుపు తగిలిన చోట మెరుగు పోతుంది. పైగా గుల్ల కూడా అలాగే పొంగుతుంది కాబట్టి తేలేదేమీ లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, రాయిని కూర్చిన తీరు. పెటీ పాయింట్ పనిలో బియ్యపు గింజలంత రాళ్లు వరసగా ఉంటాయి. పనివాడు ప్రతి రాయినీ పుల్ల చివర లక్కతో అంటించి, సాన పట్టి, దాని చుట్టూ బెజెల్ అనే సన్నని వెండి పట్టీ కడతాడు. రాయిని బట్టి పట్టీని, పట్టీని బట్టి రాయిని సవరించుకుంటూ పోతాడు. పట్టీని పలకకి టంకం పెట్టేటప్పుడు రాయిని తీసి పక్కన పెడతాడు, ఎందుకంటే పగడం మంటకి తట్టుకోదు. అన్నీ అయ్యాక రాయిని కూర్చి, పట్టీ అంచుని లోపలికి వంచుతాడు. ఇదంతా చేత్తో జరిగింది కనుక రెండు పక్కపక్క రాళ్లని భూతద్దంలో చూస్తే కొన మొనలో, వంపులో ఎంతో కొంత తేడా తెలుస్తుంది. దూరం నుంచి చూస్తే మాత్రం వరస చక్కగా సరిపోతుంది. ఆ రెండూ ఒకేసారి ఉండటమే మంచి చేతిపని. రాళ్లన్నీ అచ్చుగుద్దినట్టు ఉండి, పట్టీకీ పలకకీ మధ్య అతుకే కనబడకపోతే, మొత్తం పోత పోసిన సరుకేమో అని అనుమానించండి.

చానెల్ పని వేరు. అందులో వెండి గోడల మధ్య గళ్లలో రాళ్లు అతికించి, రాయినీ గోడనీ కలిపి ఒకే మట్టానికి సాన పడతారు. వేలి గోటిని మెల్లగా అడ్డంగా జరపండి, మంచి పనిలో ఎక్కడా తట్టదు. ఇక డాన్ సింప్లీసియో లాంటి జూనీ పనివాళ్లు పగడాన్ని కోయకుండా కొమ్మని కొమ్మగానే, వెండి ఆకుల మధ్య నిలబెట్టారు. అలాంటి నగలో గీతలు చదవడం చాలా తేలిక, మొదటి సాధనకి అవే బాగుంటాయి.

చివరగా రాళ్లు మార్చారేమో చూడాలి. ఏళ్ల తరబడి వేసుకున్న నగలో చెమటకి పగడాలన్నీ ఒకేలా మెరుగు తగ్గి ఉంటాయి. ఒక్కటి మాత్రం తళతళలాడితే, దాని చుట్టూ పట్టీ మూలల్లో నలుపు లేకపోతే, ఆ రాయి తర్వాత వచ్చింది. నేనైతే అందుకని నగని వదులుకోను. అమ్మేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పారా, దాచారా అన్నదే చూస్తాను.

నీళ్లలో నానబెట్టకండి. పాత నగల్లో చాలాసార్లు రాయి కింద రంపపు పొట్టు దిండులా పెడతారు. తడిస్తే అది ఉబ్బి రాయిని పైకి నెడుతుంది. వెండిని ముంచి తీసే ద్రావణాలూ వద్దు, మెత్తని పొడి గుడ్డ చాలు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నకిలీ నగ కొన్న ప్రతిసారీ జూనీ కుటుంబాల నోటి దగ్గర కూడు పోతుంది. ఆదివాసులు చేయని వస్తువుని వాళ్ల పనిగా అమ్మడం 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం నేరం. అయినా ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లో చేయించి అమెరికా ఆదివాసుల నగలుగా అమ్ముతున్న సరుకు కోసం 2015లో ఫెడరల్ అధికారులు న్యూ మెక్సికోలో సోదాలు జరిపారు.

ఈ వారం సాధన ఇది. ఫీనిక్స్‌లో ఉన్న హర్డ్ మ్యూజియంలో సి.జి. వాలెస్ అనే వర్తకుడు ఇచ్చిన పెద్ద జూనీ సేకరణ ఉంది. వీలైనవాళ్లు వెళ్లండి, అరిజోనాలో ఉన్న మనవాళ్లకి అది దగ్గరే. మిగతావాళ్లు ఏదైనా మ్యూజియం పెట్టిన పెద్ద ఫోటో ఒకటి తీసుకోండి. పెటీ పాయింట్ నగలో పక్కపక్కనే ఉన్న అయిదు పగడాలు ఎంచుకుని, ఒక్కొక్కదాని ఆకారాన్ని కాగితం మీద గీయండి. గీతలు ఏ దిశలో పోతున్నాయో బాణం గుర్తు వేయండి. బాణాలు తలో దిక్కుకీ ఉంటే ఎందుకలా అయిందో ఆలోచించి పక్కనే రాసుకోండి. అయిదో పాఠంలో పనివాళ్ల ముద్రల గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.