నడుస్తున్న సర్వీసును గో లోకి మార్చే ముందు జాగ్రత్తలు

టీమ్‌లు గో (Go) అనే ప్రోగ్రామింగ్ భాష వైపు ఎందుకు మొగ్గుతున్నాయో చెప్పడం కష్టం కాదు. 2007లో గూగుల్‌లో రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ మొదలుపెట్టిన ఈ భాషలో కీవర్డులు (భాష తనకోసం కేటాయించుకున్న పదాలు) 25 మాత్రమే. కంపైలింగ్ (కోడ్‌ను మెషీన్ నడపగల ఫైలుగా మార్చడం) చాలా వేగంగా అయిపోతుంది. చివరికి ఒక్క ఫైలు చేతికొస్తుంది, దాన్ని సర్వర్‌లో పెట్టి నడిపేయొచ్చు. 2012లో 1.0 వెర్షన్ వచ్చినప్పుడే, అప్పటి కోడ్ తర్వాతి వెర్షన్లలోనూ కంపైల్ అవుతుందని మాటిచ్చారు. ఆ మాట చాలావరకు నిలబెట్టుకున్నారు కూడా.

భాష నేర్చుకోవడం సులువు కాబట్టి మార్చడమూ సులువే అనుకుంటేనే చిక్కు. కంపైలర్ పట్టుకునే తప్పుల గురించి టెన్షన్ అక్కర్లేదు. అది పట్టుకోలేనివే ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన యూజర్లు వాడుతున్నప్పుడు, బయటపడతాయి.

అసలు ముందు పాత సర్వీసు ఎక్కడ నెమ్మదిస్తోందో కొలవండి. సమయమంతా డేటాబేస్ క్వెరీల్లోనే పోతుంటే, భాష మార్చినా ఆ క్వెరీలు అలాగే ఉంటాయి.

మార్చాలనే నిర్ణయమైతే జేసన్ (సర్వీసులు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపం) దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. పాత కోడ్ ఖాళీ జాబితా పంపిన చోట, గోలో విలువ పెట్టని స్లైస్ (జాబితా లాంటిది) ‘నల్’గా, అంటే ‘ఏమీ లేదు’ అని, బయటికి వెళ్తుంది. జాబితా వస్తుందని నమ్ముకున్న మొబైల్ యాప్ అక్కడే క్రాష్ కావచ్చు. టైపు చెప్పకుండా మ్యాప్‌లోకి (పేరు, విలువ జతల్లోకి) చదివితే సంఖ్యలన్నీ ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యలుగా) మారతాయి, 16 అంకెలు దాటిన ఐడీల్లో చివరి అంకెలు తప్పిపోవచ్చు. అందుకే ప్రతి ఫీల్డుకూ టైపు రాసిన స్ట్రక్ట్‌లోకే (ఫీల్డులు ముందే నిర్ణయించిన రూపంలోకే) చదవండి. పాత సర్వీసు ఇచ్చిన నిజమైన రెస్పాన్సులు కొన్ని దాచుకుని, కొత్తదాని జవాబులతో ఫీల్డు ఫీల్డు పోల్చి చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ ఇది వదిలేసి ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెప్తాను.

తర్వాతిది గోరూటీన్లు, అంటే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే చిన్న పనులు. ఒక్కోటి సుమారు 2 కేబీ స్టాక్‌తో (పనికి కావాల్సిన మెమరీతో) మొదలవుతుంది కాబట్టి ఎన్నైనా పుట్టించొచ్చు అనిపిస్తుంది. ఎవరూ ఏమీ పంపని ఛానల్ (గోరూటీన్ల మధ్య డేటా వెళ్లే దారి) కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిన గోరూటీన్ మాత్రం దానంతటది పోదు, మెమరీ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఒక గోరూటీన్‌ను మొదలుపెట్టే లైను రాసేటప్పుడే అది ఎప్పుడు, ఎలా ఆగుతుందో తేల్చుకోండి. గోరూటీన్ల సంఖ్యను మొదటి రోజు నుంచే గ్రాఫ్‌లో పెట్టండి. ఇంకో విషయం చాలామందికి తట్టదు. హెచ్‌టీటీపీ హ్యాండ్లర్‌లో (వెబ్ రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్‌లో) పానిక్ (ప్రోగ్రామ్‌ను ఆపేయగల ఎర్రర్) వస్తే సర్వర్ దాన్ని పట్టుకుంటుంది. అదే హ్యాండ్లర్ నుంచి మీరు విడిగా మొదలుపెట్టిన గోరూటీన్‌లో పానిక్ వచ్చి, అందులో రికవర్ (పానిక్‌ను ఆపే ఫంక్షన్) లేకపోతే ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. ఒకే మ్యాప్‌లో రెండు గోరూటీన్లు ఒకేసారి రాస్తే వచ్చే ఫాటల్ ఎర్రర్‌ను రికవర్ కూడా ఆపలేదు.

టెస్టులను రేస్ డిటెక్టర్‌తో (రెండు గోరూటీన్లు ఒకే డేటాను ఒకేసారి తాకే తప్పులను పట్టే సాధనంతో) తప్పకుండా నడపండి. దానితో ప్రోగ్రామ్ 2 నుంచి 20 రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి ప్రొడక్షన్‌లో అన్ని సర్వర్ల మీదా పెట్టలేం. నడిచిన కోడ్‌లోని తప్పులనే అది చూపిస్తుంది గనుక టెస్టులు తక్కువైతే ప్రయోజనమూ తక్కువే.

టైమౌట్లు (జవాబు కోసం ఎంతసేపు ఆగాలనే పరిమితులు) మీరే పెట్టుకోవాలి, డిఫాల్ట్ హెచ్‌టీటీపీ క్లయింట్‌లో మొత్తం రిక్వెస్టుకు టైమౌట్ ఉండదు. కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను పరిమితులతో విడిగా నడిపే పెట్టె లాంటి దానిలో) నడిపేవాళ్లు వెర్షన్ కూడా చూసుకోవాలి. 1.25కి ముందు గో రన్‌టైమ్ కంటైనర్‌కిచ్చిన సీపీయూ పరిమితిని పట్టించుకోకుండా మెషీన్‌లో ఉన్న కోర్లన్నీ లెక్కపెట్టుకునేది. పాత వెర్షన్‌లో ఉంటే గోమ్యాక్స్‌ప్రాక్స్ (ఒకేసారి ఎన్ని కోర్లు వాడాలో చెప్పే సెట్టింగ్) విలువ మీరే ఇవ్వండి. మెమరీకి పరిమితి పెట్టే గోమెమ్‌లిమిట్ సెట్టింగ్ 1.19 నుంచి ఉంది. పూర్తిగా ఖాళీ ఇమేజ్‌లో (కంటైనర్‌కు కావాల్సిన ఫైళ్ల మూటలో) బైనరీ, అంటే కంపైల్ అయిన ఫైలు, ఒక్కటే పెడితే సర్టిఫికెట్లు లేక బయటి హెచ్‌టీటీపీఎస్ కాల్స్ ఫెయిలవుతాయి.

ట్రాఫిక్‌ను ఒక్కసారిగా మళ్లించొద్దు. కొద్ది శాతంతో మొదలుపెట్టి, ఎర్రర్లు, మెమరీ చూసుకుంటూ పెంచండి. నెలాఖరు రిపోర్టుల్లాంటి అరుదైన పనులు కొత్త సర్వీసులో కనీసం ఒక్కసారి పూర్తయ్యేదాకా పాతదాన్ని తీసేయకుండా, వెంటనే వెనక్కి మళ్లేలా సిద్ధంగా ఉంచండి.