ఆరడుగుల పాలమూరు నేలకు పట్టా

మా అక్క కొడుకు హైదరాబాదుల చదువుతడు. బల్ల మీద బొమ్మ సిపాయిలను నిలబెట్టి, టేపుతోని కొలుచుకుంట, పాచికలేసి యుద్ధాలాడే పిచ్చి పట్టింది వానికి. ఎండాకాలం సెలవులకు మహబూబ్‌నగర్ వచ్చి, "మామా, గడ్డి పట్టా కావాలె" అన్నడు. పట్టా అంటే పాసుబుక్కు గాదు, సిపాయిల కింద పరిచేది. నేను బోర్డులు రాసి బతికినోన్ని. ఫ్లెక్సీలొచ్చినంక గోడలకు రంగులేస్తున్న. గుడ్డ, రంగు, పుట్టీ బ్లేడు నాకు కొత్తనా?

ఈ ఆటకు బల్ల ఎక్కువగ ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. మందం కాటన్ కాన్వాసు నాలుగు దిక్కులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ తీస్కో. ముందు నీళ్ళల్ల నానబెట్టి ఆరేయి, లేకుంటే తర్వాత ముడుచుకపోతది. ఇస్త్రీ చేసి ప్లైవుడ్ మీద బిగదీసి మేకులు కొట్టు.

అసలు సంగతి బంక. ఫెవికాల్ ఒక్కటే పూస్తే ఆరినంక అట్టలెక్క అయితది, చుడితే పగుల్తది. కిటికీ చౌకట్ల సందులు నింపే అక్రిలిక్ సీలెంట్ కావాలె, అది ఆరినా సాగుతది. నా మొదటి పట్టా ఈడనే పాడైంది. దుకాణంల అదే తెల్ల ట్యూబు అని సిలికాన్ ఇచ్చిన్రు, నేను చూసుకోలే. రంగేస్తే తామరాకు మీద నీళ్ళే. గుడ్డంత అవతల పారేసిన. అందుకే ముందు వేలికింత రాసుకొని నీళ్ళతోని కడుగు. పోతే అక్రిలిక్, జిడ్డుగ పట్టుకుంటే సిలికాన్.

గడ్డికి కోత మిషన్ కాడ రంపపు పొట్టు సంచి నింపుకచ్చిన. పిండి జల్లెడ పడితే సన్నది, ముతకది వేరైతయ్. బకెట్ల నీళ్ళు, కొంచెం తెల్ల ఎమల్షన్, స్టైనర్ (గోడరంగుల కలిపే చిక్కటి రంగు) కలిపి పొట్టు పోసి పిసుకు. పిడికిట పడితే ముద్ద కావాలె, నీళ్ళు కారొద్దు. ఆరితే ఒక మెట్టు తేలుతది, కొంచెం ముదురుగనే కలుపు.

మావాడు చూపిన ఫోటోల గడ్డి క్యారంబోర్డు పౌడరు డబ్బా మీది బొమ్మలెక్క నిగనిగలాడుతున్నది. ఏం యుద్ధమురా అంటే, పానగల్ ముట్టడి అన్నడు. పదిహేనో శతాబ్దం మొదట్ల ఫిరోజ్ షా బహమనీ, విజయనగరమోళ్ళు ఆ కోట కోసం కొట్లాడిన్రు. ఇప్పుడు వనపర్తి జిల్లాల ఉన్నది. "పానగల్ గుట్ట కింద గట్ల పచ్చగ ఏడ చూసినవురా?" అన్న. ఒక పాలు ఆకుపచ్చ, రెండు పాళ్ళు ఎండుగడ్డి రంగు, నడుమ చెల్క ఎర్రమట్టి తేలాలె. మట్టిని జల్లించి పెంకల వేయించిన, గింజలు మొలకలెత్తొద్దని. ఆ పెంక గురించి మా ఇంట్ల ఇంకా అంటనే ఉన్నరు.

పొద్దుగాల్నే మొదలుపెట్టు, ఎండెక్కితే సీలెంట్ మీద పొర కడ్తది. సీలెంట్‌ల మట్టిరంగు, సన్న ఇసుక, కొన్ని నీళ్ళు కలిపి గుడ్డ మీద బ్లేడుతోని పల్చగ లాగు, రెండడుగుల ముక్క ఒక్కోసారి. నాకు ఐదు ట్యూబులు పట్టినయ్. తడి మీదనే దారి ఉన్నకాడ మట్టి, తర్వాత ముతక పొట్టు, ఆఖరికి సన్నది చల్లు. అక్కడక్కడ జనపనార పురి మూడు నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరించి పోస్తే బొమ్మల పిక్కల దాక గడ్డి అయితది, ఎందుకంటే ఆ సిపాయిలు 28 మిల్లీమీటర్లోళ్ళే. పాలిథిన్ కవరు పరిచి అప్పడాల కర్రతోని మెల్లగ ఒత్తు. గులకరాళ్ళు మాత్రం అంటించకు. బొమ్మలు బోర్లపడ్తయ్, పట్టా చుట్టరాదు. గుండ్లు విడిగ పెట్టుకోవచ్చు.

ఒక దినం ఆరనిచ్చి, బ్రష్‌తోని ఊడ్చి, ఒక పాలు ఫెవికాల్‌కు నాలుగు పాళ్ళు నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి స్ప్రే కొట్టు. సబ్బు లేకుంటే నీళ్ళు పొట్టు మీద ముత్యాలై నిలబడ్తయ్, లోపలికి దిగయ్. ఆరినంక గడ్డి బయటికి ఉండేటట్టు పీవీసీ పైపుకు చుట్టు.

మిగిలిన రంగు పొట్టు పారేయకు. ఆడంగ ఆడంగ మూలలు బట్టతలైతయ్, మళ్ళ అదే రంగు కలుపుదామంటే నాకే కుదరలే. ఒక హార్లిక్స్ సీసల పోసి మూత పెట్టి, పైపు కాడనే ఉంచిన.