పన్ను క్యాప్ ఊడిపోతే ఏం చేయాలి?

ఏదో నములుతుంటే పళ్ల మధ్య గట్టిగా తగులుతుంది. రాయేమో అనుకుని చేతిలోకి ఊస్తే పన్ను! నిజం పన్ను కాదు, దాని మీద తొడిగిన క్యాప్. నాలుకతో తడిమితే ఆ చోట గరుకుగా చిన్న మొండి తగులుతుంది. ఎవరికైనా టెన్షన్ వస్తుంది. చాలావరకు ఇది అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పని కాదు. అలాగని క్యాప్‌ను సొరుగులో పడేసి నెలల తరబడి మర్చిపోవాల్సిన పనీ కాదు. ఒకటి రెండు రోజుల్లో డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే, చాలాసార్లు ఆ క్యాప్‌నే మళ్లీ అతికించేస్తారు.

ముందు దాన్ని నోట్లోంచి తీయండి

పూర్తిగా ఊడకుండా వదులై ఊగుతున్నా సరే, కంగారులో మింగేయకముందే తీసేయడం మేలు. తీశాక మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టండి. టిష్యూలో చుట్టి బల్ల మీద పెడితే కాసేపటికి ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. క్యాప్ కడిగేటప్పుడు కూడా సింక్ కన్నం మూసి కడగండి.

ఒకవేళ మింగేస్తే? కడుపులోకి వెళ్లిన క్యాప్ ఎక్కువగా కొన్ని రోజుల్లో మలంతో పాటు బయటికి వచ్చేస్తుంది. అయినా డాక్టరుకు ఒక మాట చెప్పండి. కడుపునొప్పి, వాంతులు, మలంలో రక్తం లాంటివి ఉంటే ఆలస్యం చేయకండి. అసలు భయపడాల్సింది అది ఊపిరితిత్తుల్లోకి జారినప్పుడే. పొలమారినట్టై దగ్గు ఆగకపోయినా, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. దగ్గు దానంతటదే తగ్గినా, క్యాప్ ఎటు పోయిందో తెలియకపోతే ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే.

ఇప్పుడు క్యాప్ లోపలికి చూడండి

చాలామంది అద్దం ముందు నిలబడి ఖాళీ అయిన చోటునే చూసుకుంటారు. అంతకంటే ముందు చూడాల్సింది చేతిలో ఉన్న క్యాప్ లోపలి భాగాన్ని. తర్వాత చేయాల్సినదేమిటో అదే చెబుతుంది.

లోపల ఖాళీగా, చిన్న టోపీలా ఉండి, గోడలకు కాస్త పాత సిమెంట్ (క్యాప్‌ను పంటికి అతికించే పదార్థం) మాత్రమే అంటుకుని ఉంటే మంచి సంగతే. సిమెంట్ పట్టు వదిలింది, పన్ను బహుశా బాగానే ఉంది.

లోపల పంటి ముక్క ఇరుక్కుని ఉన్నా, సన్నటి మేకులాంటిది బయటికి పొడుచుకుని ఉన్నా సంగతి వేరు. ఆ మేకును పోస్ట్ అంటారు. రూట్ కెనాల్ (పంటి లోపలి నరాన్ని తీసేసే చికిత్స) చేసిన పంటిలో మిగిలింది కొంచెమే అయితే, క్యాప్‌కు ఆసరాగా దాన్ని వేరులోకి దింపుతారు. పన్ను విరిగి వచ్చినా, పోస్ట్‌తో సహా వచ్చినా ఇంట్లో తిరిగి పెట్టే ప్రయత్నం చేయకండి. వంకరగా దిగితే కొరికినప్పుడల్లా వేరు మీద బరువు పడి చీలిపోవచ్చు. వేరు నిలువునా చీలితే మాత్రం పన్ను తీసేయడం తప్ప సాధారణంగా వేరే దారి ఉండదు.

లోపల నల్లగా, మెత్తగా ఉండి దుర్వాసన వస్తుంటే క్యాప్ అంచు కింద నుంచి పుచ్చు పాకిందని అనుమానించాలి. క్యాప్ పగిలినా, అది రెండు మూడు పళ్లు కలిపిన బ్రిడ్జి అయినా, ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) మీద క్యాప్ అయినా ఇంటి వైద్యం వద్దు. ఇంప్లాంట్ విషయంలో లోపలి స్క్రూ వదులై ఉండొచ్చు, దాన్ని బిగించడం డెంటిస్ట్ పని.

నొప్పి లేదని వదిలేయకండి

రూట్ కెనాల్ కాని పన్నయితే చల్లటి గాలి తగిలినా జివ్వుమంటుంది. క్యాప్ పెట్టేటప్పుడు పంటి పైపొరను అరగదీస్తారు. దాని కింద ఉండే డెంటిన్‌లో నరం వైపు వెళ్లే అతి సన్నటి గొట్టాలుంటాయి. ఇన్నాళ్లూ వాటిని కప్పి ఉంచింది క్యాపే.

రూట్ కెనాల్ అయిన పన్ను సాధారణంగా నొప్పి పెట్టదు, లోపలి నరాన్ని ఎప్పుడో తీసేశారు కాబట్టి. నా దృష్టిలో ఎక్కువ మోసం చేసేది ఇదే. నొప్పి లేదుగా, తీరిక చూసుకుని వెళ్దాం అనుకుంటాం. ఈలోపు అండ లేని ఆ మొండి ఏ చిన్న గట్టి వస్తువు కొరికినా విరగొచ్చు. పక్క పళ్లు మెల్లగా ఖాళీ వైపు ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికో పైకో జరుగుతుంది. కొన్ని వారాలు పోయాక వెళ్తే, చక్కగా ఉన్న పాత క్యాప్ కూడా ఆ చోట పట్టకపోవచ్చు. తాత్కాలిక క్యాప్ ఊడినా ఇదే చిక్కు. ఎలాగూ మార్చేదేగా అని వదిలేస్తే తర్వాత వచ్చే అసలు క్యాప్ సరిపోకపోవచ్చు.

ఫోన్ చేసి ఈ నాలుగు ముక్కలు చెప్పండి

ఏ పన్ను, రూట్ కెనాల్ అయిందా, క్యాప్ పెట్టి ఎన్నాళ్లయింది, లోపల ఖాళీగా ఉందా లేక ఏదైనా ఇరుక్కుని ఉందా. వీలైతే ఫొటో పంపండి. ముఖం వాచినా, జ్వరం ఉన్నా, రక్తం ఆగకపోయినా, నొప్పి భరించలేకుండా ఉన్నా ఆ మాటే ముందు చెప్పి అదే రోజు వెళ్లండి. వాపుతో పాటు మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి.

వెళ్లేలోపు తాత్కాలికంగా పెట్టుకోవచ్చా?

క్యాప్ ఖాళీగా, పగలకుండా ఉంటే పెట్టుకోవచ్చు. ఇందుకోసమే మెడికల్ షాపుల్లో టెంపరరీ డెంటల్ సిమెంట్ దొరుకుతుంది. అది లేకపోతే కట్టుడు పళ్లకు వాడే అంటించే క్రీము పనికొస్తుంది. రెండూ లేకపోతే కాస్త టూత్‌పేస్టుతోనైనా కొన్ని గంటలు నెట్టుకురావచ్చు.

ముందు గోరువెచ్చటి ఉప్పునీళ్లతో పుక్కిలించండి, గ్లాసు నీళ్లకు అర టీస్పూను ఉప్పు చాలు. క్యాప్‌ను మెత్తటి బ్రష్‌తో కడిగి, లోపల పొడిగా రాలుతున్న సిమెంట్‌ను టూత్‌పిక్‌తో తీయండి. సూదులతో, కత్తులతో గీకకండి. ఇప్పుడు ఏమీ పూయకుండా ఒకసారి పెట్టి చూడండి. క్యాప్ ఒకే వైపు నుంచి సరిగ్గా కూర్చుంటుంది. నోరు మూస్తే పళ్లన్నీ ఎప్పటిలాగే కలవాలి. ఆ పన్నే ముందుగా తగులుతుంటే తీసి మళ్లీ చూడండి. ఎంతకీ కుదరకపోతే బలవంతం చేయకుండా వదిలేయండి.

కుదిరితే మొండిని శుభ్రమైన గాజుగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. క్యాప్ లోపల పలచగా సిమెంట్ పూసి, సరిగ్గా కూర్చోబెట్టి, ప్యాకెట్ మీద చెప్పినంతసేపు మెల్లగా కొరికి పట్టండి. బయటికి వచ్చిన సిమెంట్‌ను తుడిచేయండి. పళ్ల సందులో ఫ్లాస్ (సందులు శుభ్రం చేసే సన్నటి దారం) వాడితే పైకి లాగకుండా పక్కనుంచి తీయండి, లేకపోతే పడ్డ శ్రమంతా దాంతో పాటే ఊడొస్తుంది. వదులుగా ఉన్న క్యాప్‌తో నిద్రపోవద్దు.

సూపర్‌గ్లూ జోలికి మాత్రం వెళ్లకండి. అది నోటి లోపలి కండను దెబ్బతీస్తుంది, క్షణాల్లో గట్టిపడి క్యాప్‌ను వంకరగా బిగించేస్తుంది. తర్వాత దాన్ని వదిలించే ప్రయత్నంలో క్యాపూ పాడవుతుంది, పన్నూ పాడవుతుంది.

నొప్పి ఉంటే మీకు పడే నొప్పి మాత్ర చీటీ మీద చెప్పిన మోతాదులో వేసుకోండి. మాత్రను చిగురు మీద పెట్టకండి, చర్మం కాలినట్టు పుండు పడుతుంది. పెద్దవాళ్లయితే దూదికి ఒక చుక్క లవంగ నూనె అద్ది పంటికి తాకించొచ్చు. అలా వాడితే డెంటిస్ట్‌కు ఆ సంగతి తప్పక చెప్పండి. అందులోని యూజెనాల్ కొన్ని రకాల రెసిన్ సిమెంట్లను సరిగ్గా గట్టిపడనివ్వదు.

అప్పటిదాకా రెండో వైపు నమలండి. జిగురుగా, గట్టిగా ఉండేవి వద్దు. మొండిని కూడా మెత్తగా బ్రష్ చేయాలి, తాకితే ఏమవుతుందో అని వదిలేస్తే అక్కడే పాచి పేరుకుంటుంది.

డెంటిస్ట్ ఏం చేస్తారు?

క్యాప్‌ను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీసి, పుచ్చు, చీలిక లేవని తేలితే శుభ్రం చేసి అక్కడికక్కడే అతికిస్తారు. పుచ్చు ఉంటే అది తీసి కొత్త క్యాప్‌కు కొలత తీసుకుంటారు. మొండి మరీ పొట్టిగా మిగిలితే ముందు దాన్ని నిలబెట్టే పని ఉంటుంది.

కుర్చీలోంచి లేచేముందు ఎందుకు ఊడిందో అడగండి. పాత సిమెంట్ కరిగిందా, అంచు కింద పుచ్చు మొదలైందా, లేక నిద్రలో పళ్లు కొరుకుతున్నారా? పళ్లు కొరికే అలవాటే కారణమైతే ఎంత బాగా అతికించినా మళ్లీ ఊడొచ్చు. అప్పుడు రాత్రిళ్లు పెట్టుకోవడానికి నైట్ గార్డ్ (పళ్లకు రక్షణగా పెట్టే తొడుగు) చేయించుకోవాల్సి ఉంటుంది.