అంగన్‌వాడీలో ఏదైనా ఆగితే: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

గుడ్డు రాకపోతే తల్లి నేరుగా వెళ్లి టీచర్‌ని నిలదీస్తుంది. అడగడం న్యాయమే. కానీ ఏళ్ల తరబడి తల్లుల కమిటీలతో తిరిగాక నాకు తేలిందేమిటంటే, లోటు బయటపడేది టీచర్ చేతిలో, పుట్టేది చాలాసార్లు ఆమెకు రెండు మూడు మెట్లు పైన. బిల్లు రాకపోతే కిరాణా కొట్లో తన పేరు మీద ఖాతా రాయించి పిల్లలకు వండిపెట్టిన టీచర్లను నేను చూశాను. అందుకే ముందు డబ్బు వచ్చే దారి తెలుసుకోండి.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకమే ఇప్పుడు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పేరుతో నడుస్తోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిండి ఖర్చులో కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టాలి. గౌరవ వేతనాలు, ప్రీస్కూల్ లాంటి మిగతా ఖర్చుల్లో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. కేంద్రం తన వాటాను విడతలుగా ఇస్తుంది. ముందు ఇచ్చినదాని ఖర్చుకు లెక్క చూపితేనే తర్వాతి విడత కదులుతుంది. పైన ఒక కాగితం ఆలస్యమైతే ఊళ్లో గుడ్ల ట్రే ఆలస్యమవుతుంది.

సమస్య: గుడ్లు తక్కువొస్తున్నాయి, లేదా అసలు రావడం లేదు

ముందు పక్క ఊరికి ఫోన్ చేయండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. కొరత మీ అంగన్‌వాడీ కేంద్రంలోనే ఉంటే తప్పు పేర్ల నమోదులోనో, సరుకు దించేటప్పుడో జరిగింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనూ అంతే అంటే కాంట్రాక్టర్ దగ్గర ఆగింది. ప్రాజెక్టు (కొన్ని మండలాలు కలిపిన ఐసీడీఎస్ పరిధి) మొత్తం అంతే అంటే బిల్లులు ఆగాయని అనుకోవచ్చు. అప్పుడు టీచర్‌తో వాదించి లాభం లేదు, ఆ ప్రాజెక్టును చూసే అధికారి సీడీపీవో దగ్గరికి వెళ్లాలి.

పేర్ల సంగతి చూద్దాం. సరుకు వచ్చేది ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఉన్న పిల్లల లెక్కన. మీ పాప రోజూ వచ్చి కూర్చున్నా అందులో పేరు లేకపోతే పాపకు గుడ్డు రాదు. టీచర్ మిగతావాళ్ల వాటాలోంచి సర్దుతుంది, అందరికీ తగ్గుతుంది. పరిష్కారం సులువే, మీ ఎదురుగా పేరు ఎక్కించమనండి.

సరుకు దించే చోట జరిగే తప్పును పట్టుకోవడం కష్టం. ఒకసారి ఒక ఊళ్లో వ్యాను పొద్దుపోయాక వచ్చింది, ట్రేలు దించారు, టీచర్ సంతకం పెట్టింది. మర్నాడు లెక్కపెడితే రెండు ట్రేలు తక్కువ. ట్రేకి 30 చొప్పున 60 గుడ్లు. సంతకం ఉంది కాబట్టి రికార్డులో లోటే లేదు. ఆ తర్వాత నుంచి వ్యాను వచ్చే రోజు ఇద్దరు తల్లులు అక్కడ నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తక్కువైతే స్టాక్ రిజిస్టర్‌లో వచ్చినన్నే రాసి సంతకం. ఈ పనికి అంగన్‌వాడీ స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉండనే ఉంది. మీ ఊళ్లో అది కాగితం మీదే ఉంటే బతికించండి. టీచర్‌కీ అది రక్ష.

ఇక డబ్బు. 2017లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన ధర ప్రకారం ఆరేళ్లలోపు బిడ్డకు రోజుకు 8 రూపాయలు, తీవ్ర పోషకాహార లోపం ఉంటే 12. ఏడాదికి 300 రోజుల లెక్కన 8 రూపాయల చొప్పున ఒక్కో బిడ్డకు 2,400. బజార్లో ఒక గుడ్డు కొంటేనే ఆ 8 రూపాయల్లో చాలా భాగం పోతుంది, అన్నం, పప్పు, నూనె, గ్యాస్ ఇంకా మిగిలే ఉంటాయి. ఈ ధర పెంచాలని అడగాల్సింది శాసనసభ్యుణ్ణి, ఎంపీని. టీచర్‌ని కాదు.

తిండి అందకపోవడం చిన్న విషయంగా వదిలేయకండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు ఆ చట్టం నిర్దేశించిన పోషకాలున్న తిండి ఉచితంగా పెట్టాలి. పెట్టకపోతే బదులుగా ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని అదే చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు.

సమస్య: "ఫోన్ మీ మొహాన్ని గుర్తుపట్టడం లేదమ్మా" అంటున్నారు

బాలామృతం లాంటి ఇంటికిచ్చే సరుకు కోసం 2025 జులై నుంచి ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. ఫోన్ పోల్చేది మీ ఆధార్ ఫోటోతో. పదేళ్ల కిందటి ఫోటో అయితే, బాలింతగా మొహం మారిపోతే కుదరకపోవచ్చు. ఆధార్‌కు ఎప్పుడో పోగొట్టుకున్న నంబరు ముడిపడి ఉంటే ఓటీపీ రాదు, ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) అవదు. సరుకు ఇచ్చే రోజు దాకా ఆగకుండా ముందే ఆధార్ కేంద్రంలో ఫోటో, నంబరు మార్పించుకోండి. అంతదాకా, వెలుతురులో, కొంగు తీసి, సిగ్నల్ బాగున్న చోట మళ్లీ ప్రయత్నించండి.

అయినా కాకపోతే ఖాళీ చేతులతో ఊరికే ఇంటికి రాకండి. వచ్చారు, ఫోన్ గుర్తించలేదు, పొట్లం అందలేదు అని తేదీతో రాయించండి. బిడ్డకు ఆధార్ లేదన్న కారణంతో ఏ ప్రయోజనమూ ఆపకూడదని 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బిడ్డ నమోదుకు తల్లి ఆధార్ చాలు.

సమస్య: వలస వెళ్తే బిడ్డ తిండి, చదువు రెండూ పోతున్నాయి

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే వెళ్తాయి. పాత కేంద్రంలో పేరు అలాగే ఉండిపోతే కొత్త చోట నమోదు చిక్కవుతుంది, అక్కడి టీచర్‌కు వీళ్ల కోసం సరుకూ రాదు. పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి పేరు మార్చే వీలుంది. బండెక్కే ముందే మీ టీచర్‌కు చెప్పండి. పొలం గట్టు మీద పసివాళ్లను కూర్చోబెట్టుకున్న తల్లుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. బాధ కలిగేది అక్కడే. హక్కు ఉంది, అది ఉందని చెప్పేవాళ్లే లేరు.

సమస్య: అన్నం పెడుతున్నారు, చదువు మాత్రం లేదు

అప్పు చేసి ఎల్‌కేజీ ఫీజు కట్టేది ఈ కారణంతోనే. టీచర్ ఒక్కరే. తూకం, ఇళ్ల సందర్శన, ఫోన్‌లో నమోదు, సర్వేలు, చాలాచోట్ల బీఎల్‌వో పని (ఓటర్ల జాబితా పని) కూడా ఆమే చేయాలి. 2023 మేలో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' ప్రకారం రోజుకు కనీసం రెండు గంటలు ప్రీస్కూల్ నడపాలి. ఆధారశిల అనే పాఠ్య ప్రణాళికా ఉంది. అందుకే 'చదువు చెప్పడం లేదు' అని ఫిర్యాదు రాయకండి. 'ఈ రెండు గంటల్లో టీచర్‌కు మీటింగులూ సర్వేలూ పెట్టకండి' అని తల్లులందరి సంతకాలతో సూపర్‌వైజర్‌కు ఇవ్వండి. నెలనెలా జరిగే ఈసీసీఈ డేకి (పసిపిల్లల చదువు దినం) వెళ్లి బిడ్డ ఏం నేర్చుకుందో చూడండి. ఒక మాట, ఈ వయసుకు ఆటా పాటా కథే చదువు. పలక మీద ఏబీసీడీలు కనిపించలేదని కంగారు పడొద్దు.

సమస్య: మా బస్తీలో కేంద్రమే లేదు

ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉంటే గ్రామమైనా మురికివాడైనా కేంద్రం అడిగే హక్కు ఉందనీ, మూడు నెలల్లో ఇవ్వాలనీ 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్లల పేర్లు, వయసుల జాబితా చేసి సీడీపీవోకు ఇచ్చి రసీదు తీసుకోండి. 

సమస్య: అద్దె గది, మరుగుదొడ్డి లేదు, ఇంటాయన ఖాళీ చేయమంటున్నాడు

అద్దె బకాయి ఎన్ని నెలలదో ముందు కనుక్కోండి. సొంత భవనానికి పోషణ్ 2.0 మార్గదర్శకాల్లో 12 లక్షల లెక్క వేశారు. ఉపాధి హామీ నుంచి 8, ఆర్థిక సంఘం నిధుల నుంచి 2, మిగతా 2 కేంద్ర రాష్ట్రాల వాటా. స్థలం చూపించి గ్రామసభలో తీర్మానం చేయించండి. బడిలో ఖాళీ గది ఉంటే అంతకన్నా త్వరగా అవుతుంది.

ఎవరూ జవాబివ్వకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ, దాంతోపాటే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు, రేషన్ కార్డు నకలు జతచేస్తే సరి. 'గుడ్లు ఎందుకు ఇవ్వలేదు' అని అడిగితే సాకు వస్తుంది. కాగితం అడగండి, ఇలా:

"ఫలానా కేంద్రానికి గత ఆరు నెలల్లో, నెలవారీగా: నమోదైన పిల్లల సంఖ్య, పెట్టిన ఇండెంట్ (కావాల్సిన సరుకు కోరిన పత్రం), సరఫరా అయిన గుడ్లు, పాలు, బాలామృతం, స్టాక్ రిజిస్టర్ నకలు. కాంట్రాక్టర్ బిల్లులు, అద్దె బిల్లులు అందిన తేదీ, చెల్లించిన తేదీ."

30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.